అందరూ శ్రద్ధ అనుకున్న ఆందోళన: అనంతపురంలో బ్లౌజుల షాపు నడిపే ఒక మహిళ కేసు

ముప్పై తొమ్మిదేళ్ల ఈ మహిళకు అనంతపురంలో మగ్గం వర్క్, బ్లౌజు స్టిచింగ్ షాపు ఉంది. ఛాతీ బిగపట్టినట్టు ఉండడం, గుండె దడ, చేతివేళ్ల తిమ్మిరి, ఊపిరి చాలనట్టు అనిపించడం. వీటితో ఆమె అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తారు, ఒకసారి కాదు. ఈసీజీ, ఎకో, గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ రక్తపరీక్ష అన్నీ మామూలుగానే వచ్చాయి. రెండోసారి చూసిన ఫిజీషియన్ గుండెకు ఏమీ లేదని చెప్పి అక్కడితో ఆగకుండా మనస్తత్వ నిపుణురాలినైన నాకు ఒక చీటీ రాసి పంపారు. ఆ చీటీ ఎంత మేలు చేసిందో చెప్పలేను. మన దగ్గర చాలామంది ‘మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి’ అన్న మాటతో ఇంటికి తిరిగిపోతారు. ఏమీ లేకపోతే మరి ఇదంతా ఎందుకొస్తోందన్న ప్రశ్న వాళ్లతోపాటే ఇంటికి వెళ్తుంది. భయం ఇంకో మెట్టు ఎక్కుతుంది.

ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

రాయాలనిపించడానికి కారణం ఒకటుంది. ఈమె జబ్బు లక్షణాలు చూసేవాళ్లందరికీ మంచి వ్యాపార లక్షణాలుగా కనిపించాయి. మెసేజ్ పెట్టిన నిమిషంలో జవాబిస్తుంది, ఎంత బాధ్యతో! కొలత మూడుసార్లు చూసుకుంటుంది, ఎంత జాగ్రత్తో! కటింగ్ ఎవరి చేతికీ ఇవ్వదు, పనంటే ఎంత ప్రాణమో! ఆమె కూడా అలాగే నమ్మారు. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ, చివరికి ఆమె కూడా, దీన్ని ఆందోళన అనుకోలేదు. ఆడవాళ్లు నడిపే చిన్న వ్యాపారాల్లో ఇది నాకు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఆ శ్రద్ధలో ఎంత శ్రద్ధ, ఎంత భయం అని విడదీయడమే ఈ చికిత్సలో సగం పని అయింది.

షాపు, ముహూర్తాలు, అప్పులు

పెళ్లయిన కొన్నేళ్లకు ఇంట్లో ఒక కుట్టుమిషన్‌తో మొదలుపెట్టారు. ఇప్పుడు పాతూరు వైపు అద్దె గదిలో రెండు మగ్గాలు, మూడు మిషన్లు, ఐదుగురు పనివాళ్లు. పని ఎక్కువగా పెళ్లిళ్లదే. ధర్మవరంలో పట్టుచీర తీసుకుని నేరుగా ఈ షాపుకొచ్చి ఫాల్, పీకో, కుచ్చులు, బ్లౌజుకు వర్క్ అన్నీ ఒక్కచోటే అప్పజెప్పే కుటుంబాలున్నాయి. పెళ్లికూతురి బ్లౌజు వర్క్ బరువును బట్టి మగ్గం మీద రోజుల తరబడి ఉంటుంది. ఏ వ్యాపారంలోనైనా గడువు ఉంటుంది, కానీ ఈ గడువు పెట్టేది పంచాంగం. ముహూర్తాన్ని ఒక పూట వెనక్కి జరపమని ఎవరినీ అడగలేం.

గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో వస్తే వారాల తరబడి పెళ్లిళ్లు ఉండవు. ఆషాఢం ఖాళీ. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. వేరుశనగ దెబ్బతిన్న ఏడాది పల్లెల నుంచి వచ్చే ఆర్డర్లు చిన్నవవుతాయి, ‘వర్క్ వద్దులే అక్కా, సాదాగా కుట్టియ్యి’ అంటారు. కిస్తులకు మాత్రం మూఢం ఉండదు. అందుకే ఆమెకు సీజన్‌లో గడువు భయం, సీజన్ లేనప్పుడు కిస్తుల భయం. ఏడాదిలో తెరిపి దొరికే నెల లేదు.

అప్పులు ఐదు రకాలు. ముద్ర లోన్, కిశోర్ కేటగిరీలో, అంటే 50,000 రూపాయల పైన 5 లక్షల దాకా ఇచ్చే తరగతిలో. సంఘంలో తీసుకున్న డ్వాక్రా అప్పు. బంగారం తాకట్టు. పాడేసుకున్న చీటీకి నెలనెలా కట్టాల్సిన వాటా. వీటన్నిటి మీద, తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షన్నర. ఈ లెక్క నాకు మొదటి రోజు చెప్పలేదు. చాలా ఆలస్యంగా చెప్పారు, అది కూడా ముక్కలు ముక్కలుగా. ఎందుకో తర్వాత చెప్తాను.

భర్త ప్రైవేటు ఉద్యోగి, మంచి మనిషి. అత్త ఇంట్లోనే ఉంటారు. కూతురు ఇంటర్, కొడుకు ఎనిమిదో తరగతి. తెల్లవారుజామున లేచి వంట, క్యారియర్లు, పది గంటలకు షాపు, రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు, మళ్లీ గిన్నెలు. మంచం ఎక్కేసరికి పదకొండు దాటుతుంది, నిద్ర పట్టేసరికి ఒంటి గంట.

ఆమె మాటల్లో

‘ఫోన్ మోగితే చాలు మేడం, కడుపులో చేయి పెట్టి పిండినట్లయితాది. ఎవరో చూడకముందే ఏదో చెడిపోయిందని తెలిసిపోయినట్లుంటాది. చూస్తే ఏం ఉండదు, దారం రంగు అడిగేదానికి చేసింటారు.’

రాత్రిపూట వచ్చే ఆలోచనలు అన్నీ ‘ఒకవేళ’తో మొదలయ్యేవి. ఒకవేళ జాకెట్ బిగుతైతే? ఒకవేళ ఇస్త్రీపెట్టె ఆపకుండా వచ్చింటే? ఒకవేళ కారిగర్లు పండక్కి ఊరికి పోయి తిరిగి రాకపోతే? ఒకవేళ కిస్తు తప్పితే, బ్యాంకువాళ్లు ఇంటికొస్తే, కూతురి పెళ్లి సంబంధాల దాకా ఆ మాట పోతే? జాకెట్ బిగుతు నుంచి కూతురి పెళ్లి దాకా ఆలోచన రెండు నిమిషాల్లో చేరిపోయేది. ఇస్త్రీపెట్టె చూసి రావడానికి భర్త బండి మీద రాత్రి పదకొండుకు షాపుకెళ్లి షట్టర్ ఎత్తిన రోజులు కూడా ఉన్నాయి.

ఇది ఏడాదికి పైగా సాగుతోంది. దాదాపు రోజూ, ఆపుదామన్నా ఆగని చింత. దానికి తోడు ఒళ్లు అలసట, మెడ, భుజాలు పట్టేయడం, చిన్నదానికే పిల్లల మీద విసుక్కోవడం, లెక్కలో మనసు నిలవకపోవడం, నిద్ర లేమి. ఆరు నెలలకు మించి ఇలా ఉంటే, పనికీ ఇంటికీ అడ్డం వస్తుంటే దాన్ని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటాం. దీనికి తోడు ఆమెకు ఉన్నట్టుండి ప్రాణం పోతోందన్నంత భయం ముంచుకొచ్చే పానిక్ అటాక్‌లు మొదలయ్యాయి. ఆందోళన ఎంతుందో కొలవడానికి జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల పట్టిక ఒకటుంది, 2006 నుంచి వాడుకలో ఉంది, మొత్తం 21 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాలి, 15 నుంచి తీవ్రం. ఆమెకు 17 వచ్చింది. దిగులు కొలిచే పీహెచ్‌క్యూ-9లో స్వల్పంగానే ఉంది.

చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని సూటిగానే అడిగాను. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని కొందరు జంకుతారు. అది నిజం కాదు, అడగడమే క్షేమం. ‘సచ్చిపోవల్లని లేదు మేడం, సచ్చిపోతానేమోనని భయం’ అన్నారు. అయినా రాత్రిపూట ఎవరూ లేనప్పుడు పనికొస్తుందని టెలీ మానస్ నంబరు 14416 ఆమె ఫోన్‌లో సేవ్ చేయించాను. 2022 అక్టోబర్ 10న మొదలైన ఆ సేవకు ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఒంట్లో ఏముందో ముందు చూశాం

ఆందోళన అని నిర్ణయించే ముందు రక్తపరీక్షలు తప్పనిసరి. థైరాయిడ్, షుగర్ బాగున్నాయి. హిమోగ్లోబిన్ మాత్రం 9 దగ్గర ఉంది. నెలసరి అధికంగా అవుతున్నా డాక్టరుకు చెప్పుకునే తీరిక లేదు. రక్తం తక్కువైతే మెట్లెక్కినా గుండె దడ వస్తుంది, ఆందోళన ఉన్న మనిషికి ఆ దడే పానిక్‌కు నిప్పు అందిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి గుండె దడతో వచ్చిన ప్రతి స్త్రీకీ మనసు గురించి మాట్లాడే ముందు ఈ పరీక్ష రాయించడం నా పద్ధతి. ఆమెను గైనకాలజిస్టు దగ్గరకు పంపాం, ఐరన్ మాత్రలు మొదలయ్యాయి.

రోజుకు ఏడెనిమిది టీలు. మధ్యాహ్నం అన్నం చాలా రోజులు సాయంత్రం నాలుగింటికి. ఇవి చిన్న విషయాలు కావు. ఖాళీ కడుపు, కెఫీన్, నిద్ర లేమి కలిస్తే ఎవరి గుండైనా దడదడలాడుతుంది.

ఇంకొకటి బయటపడింది. పక్క షాపావిడ సలహాతో ఆమె ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే అల్ప్రాజోలం 0.25 బిళ్లలు మందుల షాపులో చీటీ లేకుండానే కొని వేసుకుంటున్నారు. మొదట నిద్రకు ఒకటి, తర్వాత పగలు ఒకటి, తర్వాత ఎక్కడికి పోయినా పర్సులో ఒక స్ట్రిప్. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అలవాటు పడ్డ మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఆందోళన రెట్టింపై వస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. మాతో పనిచేసే సైకియాట్రిస్టు దాన్ని వారాల వారీగా తగ్గించే ప్రణాళిక రాసి, ఆందోళనకు రోజూ వాడే ఎస్సిటాలోప్రామ్ అనే మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచారు. ఈ మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదటి వారంలో దడ కాస్త పెరిగినట్టు అనిపించవచ్చని ఇంటాయనను కూడా కూర్చోబెట్టి చెప్పాం. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే చాలామంది అయిదో రోజే ‘ఈ మందు నాకు పడలేదు’ అని మానేస్తారు.

‘షాపు మూసేస్తే సరిపోతుంది కదా’

ఇంట్లో అప్పటికే తీర్పు చెప్పేశారు. దిష్టి తీయించారు, తాయత్తు కట్టించారు. వాటికి నేను అడ్డు చెప్పలేదు, వాటివల్ల ఆమెకు కాస్త ధైర్యం వస్తే మంచిదే. కానీ భర్త ప్రేమతోనే అన్న ఒక మాటను నేను గట్టిగా ఎదుర్కోవలసి వచ్చింది. ‘ఈ షాపు వల్లనే కదా మేడం ఇదంతా. మూసేసి ఇంట్లో ఉండమంటాండా. నా జీతంతో ఎట్లో నెట్టుకొస్తాం.’

వ్యాపారంలో ఉన్న మగవాళ్లకు ఆందోళన వస్తే ఎవరూ షాపు మూసేయమనరు. రెస్టు తీసుకోమంటారు, మంచి డాక్టరుకు చూపిస్తారు, కొడుకునో తమ్ముణ్నో షాపులో కూర్చోబెడతారు. ఆడమనిషికి వచ్చేసరికి ఆమె వ్యాపారమే జబ్బుకు మూలమని, అది తీసేయగలిగిన వస్తువని ముందే నిర్ణయమైపోతుంది. నేను ఆయనకు రెండు విషయాలు చెప్పాను. మొదటిది, అప్పులు షాపు మూసినంత మాత్రాన మూతపడవు. రెండోది, భయపడి ఒక చోటు నుంచి తప్పుకుంటే భయం తగ్గదు, దాని హద్దులు పెరుగుతాయి. ఈరోజు షాపు, రేపు బస్సు, ఎల్లుండి పెళ్లిళ్లు, చివరికి వాకిలి. ఆయన శ్రద్ధగా విన్నారు. ఒప్పుకున్నారని అనను, కానీ ఆ మాట మళ్లీ తేలేదు.

ఆ షాపు ఆమెకు జీవనాధారం మాత్రమే కాదు. సామాను అమ్మే వ్యాపారులు ఇప్పటికీ ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే రేటు ఆమె భర్తకు చెప్తారట. అయినా బిల్లు ఆమె పేరు మీదే రాయాలి. ఆ బిల్లు గురించి చెప్తున్నప్పుడు మాత్రమే, తొలి సెషన్లలో, ఆమె వెన్ను నిటారుగా అయింది.

ఒక్క నిమిషం ఊపిరి

పానిక్‌కు మొదట చేయాల్సింది అది ప్రాణాంతకం కాదని ఒంటికే అర్థమయ్యేలా చూపించడం. మాటలతో చెప్తే ‘సరే మేడం’ అంటారు, రాత్రి మళ్లీ అదే. గుండె జబ్బు, ఆస్తమా, ఫిట్స్, గర్భం ఏవీ లేవని నిర్ధారించుకున్నాక, ఆమెతో పాటు నేనూ కూర్చుని ఒక్క నిమిషం నోటితో వేగంగా, లోతుగా ఊపిరి పీల్చి వదిలాం.

అరనిమిషం దాటకముందే ఆమె ముఖం మారింది. ‘వేళ్లు... వేళ్లు తిమ్మిర్లెక్కతాండాయి’ అని కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నారు. ఆపేసి మామూలుగా కూర్చున్నాం. కళ్లు తిరగడం, పెదవుల చుట్టూ జివ్వుమనడం, ఛాతీలో బరువు, అన్నీ ఎమర్జెన్సీకి పరుగెత్తించిన అవే లక్షణాలు. రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే దిగిపోయాయి. అతిగా ఊపిరి పీల్చడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని, ఆ తిమ్మిరి, కళ్లు తిరగడం దానివల్లేనని అప్పుడు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘అంటే ఆ పొద్దు రాత్రి కూడా నేనే అట్ల పీల్చుకుంటాంటినా?’ అన్నారు.

దడ మొదలవుతుంది, అది గుండెపోటు అనుకుంటారు, ఆ అనుకోవడంతో అడ్రినలిన్ ఇంకా ఎక్కువవుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, తిమ్మిరి వస్తుంది, తిమ్మిరి చూసి ఇక అయిపోయిందనుకుంటారు. సాధారణంగా పది నిమిషాల్లోపే ఇది తారస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది. ఆ పది నిమిషాల్లో బిళ్ల వేసుకుంటే బిళ్ల వల్ల తగ్గిందనుకుంటారు, ఆసుపత్రికి వెళ్తే ఆసుపత్రి వల్ల అనుకుంటారు. ఏమీ చేయకపోయినా తగ్గేదన్న సంగతి తెలుసుకునే అవకాశమే రాదు. ఈ సాధన ఇంట్లో రోజూ చేయించాం. మూడో వారానికి అటాక్‌లు పలచబడ్డాయి.

ఆ పెళ్లికూతురి జాకెట్

అసలు పని చింతతో. అది ఎప్పటి నుంచి ఇంతగా పెరిగిందని వెతుకుతుంటే ఒక సంఘటన దగ్గర ఆగాం. కొన్నాళ్ల కిందట ఒక పెళ్లికూతురి బ్లౌజు ముహూర్తం రోజు తెల్లవారుజామున చంక దగ్గర బిగుతైంది. పెళ్లివాళ్ల బంధువు ఒకాయన షాపు ముందుకొచ్చి నలుగురూ వినేలా నానా మాటలన్నాడు. ఆమె ఈ కథ చెప్పిన ప్రతిసారీ అక్కడే ఆగేవారు, ఆయన అరుపు దగ్గర.

‘ఆ తర్వాత ఏమైంది?’ అని అడిగాను.

‘తర్వాతంటే... లోపల మార్జిన్ వదిలిన్నా కదా, కుట్టు విప్పి అర ఇంచు వదిలితి. సరిపాయ.’

‘పెళ్లికి అదే వేసుకుందా?’

‘ఆ, అదే. ఫోటోలు కూడా పంపినారు.’ ఇది చెప్పి ఆమే ఆశ్చర్యపోయారు. మార్జిన్ వదలడం ఆమె పనితనం. తప్పు జరిగినా సరిదిద్దుకునే చోటు ఆమె కుట్టులోనే ఉంది. కానీ జ్ఞాపకంలో ఆ ఇరవై నిమిషాల మరమ్మతు లేదు, అరుపు ఒక్కటే ఉంది. ఆందోళన జ్ఞాపకాలను ఇలాగే కత్తిరిస్తుంది.

ఆ రోజు నుంచే కొలతలు మూడుసార్లు చూడడం, ట్రయల్‌కు ఒకే మనిషిని రెండు మూడుసార్లు రమ్మనడం, కటింగ్ ఎవరి చేతికీ ఇవ్వకపోవడం మొదలయ్యాయి. వీటిని మా పరిభాషలో సేఫ్టీ బిహేవియర్లు అంటాం. అప్పటికప్పుడు మనసుకు ఊరట ఇస్తాయి, భయం తప్పని రుజువయ్యే దారిని మూసేస్తాయి. మూడుసార్లు చూశాను కాబట్టే జాకెట్ సరిపోయిందని మనసు అనుకుంటుంది. ఒకసారి చూసినా సరిపోయేదని ఎప్పటికీ తెలియదు.

అది తెలియడానికే ఒక పరీక్ష పెట్టాం. కొలత ఒకసారి పనమ్మాయి తీయాలి, కటింగ్‌కు ముందు ఆమె ఒకసారి సరిచూడాలి, అంతే. ఇలా ఇరవై బ్లౌజులు. ఎన్ని వెనక్కొస్తాయని ముందే రాయమన్నాను. ‘సగం’ అని రాశారు. రెండు వచ్చాయి, రెండూ హుక్కు దగ్గర చిన్న సర్దుబాటుకే. ఆ కాగితం ఇప్పటికీ ఆమె బిల్లు పుస్తకంలోనే ఉంది. అప్పటికి అరవై ఏళ్లున్న వాళ్ల అత్త, ఒకప్పుడు తానూ కుట్టిన మనిషి, ‘ఇప్పుడు పని మీద ధ్యాస తగ్గింది నీకు’ అని దెప్పారట. ఇంట్లోవాళ్లు శ్రద్ధ అని మెచ్చుకున్నది జబ్బు అయినప్పుడు, కోలుకోవడం వాళ్లకు అశ్రద్ధలా కనిపిస్తుంది. అత్తను కూడా ఒక సెషన్‌కు పిలిచాం. తర్వాత ఫాల్, హుక్కుల పని ఆవిడ కిందికొచ్చింది. ఇంట్లో గిన్నెల పని పిల్లలిద్దరికీ పంచాం. ఇది చికిత్సలో భాగం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

చింతకు ఒక వేళ పెట్టాం. మధ్యాహ్నం ఎండకు గిరాకీ తగ్గే సమయం, నాలుగున్నర నుంచి ఇరవై నిమిషాలు. రోజంతా వచ్చే ‘ఒకవేళ’లను ఒక నోటు పుస్తకంలో ఒక్క ముక్కలో రాసి పక్కన పెట్టడం, ఆ వేళకు తీసి చూడడం. ఇది 1980ల నుంచి పరీక్షకు నిలిచిన పద్ధతి. చూసేటప్పుడు ప్రతిదానికీ ఒకటే ప్రశ్న, దీనికి ఈరోజు నేను చేయగల పని ఉందా? ఉంటే చేయాలి. లేకపోతే గీత గీసి వదిలేయాలి. తొలివారం ఆమెకు నచ్చలేదు, ‘పని మధ్యలో ఇదేంది’ అన్నారు. తర్వాత నాలుగున్నరకు పుస్తకం తెరిస్తే పొద్దున రాసిన సగం సంగతులు అప్పటికే తేలిపోయి ఉండేవి.

రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ముట్టకూడదన్నది అన్నిటికన్నా కష్టమైంది. వాట్సాప్ బిజినెస్‌లో ‘ఉదయం 9 తర్వాత జవాబిస్తాం’ అని ఆటోమేటిక్ మెసేజ్ పెట్టాం. గిరాకీ పోతుందని ఆమె గట్టి నమ్మకం. ఒక్కరూ పోలేదు. ఒకామె మాత్రం పొద్దున్నే వచ్చి ‘మీరు పెద్ద షాపోళ్లయిపోయినారక్కా’ అందట. దాన్ని ఆమె చాలా సంతోషంగా చెప్పారు.

లెక్కల పుస్తకం

అప్పుల సంగతి చివర్లో బయటపడిందన్నాను. ఆమె అప్పులను ఎక్కడా రాసుకోలేదు. బ్యాంకు మెసేజ్‌లు తెరవరు, పాసుబుక్ ప్రింట్ చేయించరు. డబ్బు గురించి రోజంతా చింతించే మనిషి డబ్బు లెక్క మాత్రం చూడరు. ఇది విడ్డూరంగా అనిపిస్తుంది, కానీ ఆందోళనలో ఇదే జరుగుతుంది. చింతించడం పనిచేసినట్టు అనిపిస్తుంది, అసలు పని దగ్గరకు వెళ్లకుండా కాపాడుతుంది.

క్లినిక్ బల్ల మీద ఐదు అప్పులూ ఒక తెల్లకాగితం మీద రాశాం. పెన్ను ఆమె చేతిలోనే. మూడు రూపాయల వడ్డీ దగ్గర చేయి ఆగింది. లక్షన్నరకు నెలకు 4,500. ఏడాదికి 54,000. ఆ అంకె రాయగానే కాసేపు ఏడ్చారు. మొత్తం ఎంతో కూడిన తర్వాత మాత్రం ‘ఇంతేనా? నేను ఇంకా ఎక్కువుంటాదనుకుంటి’ అన్నారు. రాయని అప్పు రాసిన అప్పుకన్నా ఎప్పుడూ పెద్దదే.

ఇక్కడ నేను మనస్తత్వ నిపుణురాలిగా ఆగిపోయాను, ఎందుకంటే వడ్డీ నిజమైన సమస్య, దానికి ఊపిరి సాధన మందు కాదు. సంఘంలో లెక్కలు తెలిసిన ఒకామెతో, బ్యాంకువాళ్లతో మాట్లాడి, ఇంట్లో మిగిలిన బంగారం బ్యాంకులో పెట్టి ఆ ప్రైవేటు అప్పులో పెద్ద భాగం కట్టేశారు. నిజమైన కష్టానికి నిజమైన పరిష్కారం వెతకకుండా ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అనడం పేషెంటును అవమానించడమే.

లెక్క రాసినప్పుడే ఇంకొకటి తేలింది. రావాల్సిన బాకీలు కూడా ఉన్నాయి. బ్లౌజులు ఇచ్చేస్తారు, మిగతా డబ్బు అడగలేరు. ‘అడిగితే ఏమనుకుంటారో, మళ్లీ రారేమో’ అని మొహమాటం. అందరూ దీన్ని మంచితనం అనేవారు. మేం దీన్ని మెట్లుగా చేశాం. మొదటి మెట్టు, కొత్త ఆర్డర్లకు సగం అడ్వాన్స్ అని బోర్డు పెట్టడం. తర్వాత, ‘బ్యాలెన్స్ ఇచ్చి తీసుకుపోండక్కా’ అన్న ఒక్క వాక్యాన్ని నాతో పదే పదే అని చూడడం. మొదట ఆ వాక్యానికి ముందు ‘ఏమనుకోవద్దు’, వెనక ‘లేకుంటే తర్వాత ఇయ్యండి పర్వాలేదు’ వచ్చి చేరేవి. ఆ రెండు తోకలూ కత్తిరించడానికే రెండు సెషన్లు పట్టాయి. ఒక శనివారం షాపులో నిజంగా అన్నారు. అవతలామె పర్సు తీసి ఇచ్చేసింది. ‘ఇంతేనా మేడం’ అన్నది ఆ వారం ఆమె పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క వాక్యం. అందరూ అంత సులువుగా ఇవ్వలేదు. ఒక కుటుంబం అలిగి వేరే షాపుకు వెళ్లింది. అది కూడా జరగాలి. అలిగి వెళ్లిపోతే ఏమవుతుందో కూడా ఆమెకు తెలిసొచ్చింది. ఆ నెల అద్దె కట్టగలిగారు.

బెంగళూరు బస్సు

సామాను కోసం ఆమె బెంగళూరు చిక్‌పేటకు వెళ్లేవారు. పానిక్ మొదలయ్యాక మానేసి భర్తను పంపేవారు. ఆయన తెచ్చే జరీ, పూసల రంగులు చీరలకు కలిసేవి కావు. తిరిగి వెళ్లడానికి దశలు పెట్టాం. టవర్ క్లాక్ దగ్గర రద్దీలో ఒంటరిగా నడవడం, ఆర్టీసీ బస్సులో ధర్మవరం వెళ్లిరావడం, తోడుతో బెంగళూరు, తర్వాత ఒంటరిగా, పర్సులో బిళ్ల లేకుండా.

శ్రావణం ముందు ఒంటరిగా వెళ్లిన రోజు పెనుకొండ దాటాక అటాక్ వచ్చింది. నాకు తర్వాత పుస్తకం చూపించారు. అక్షరాలు బస్సు కుదుపులకు వంకర్లు పోయాయి. ‘దడ. వేళ్లు తిమ్మిరి. దిగిపోదామనిపిస్తాంది. దిగను. ఊపిరి నిదానం. చెక్‌పోస్టు వస్తాంది.’ ఆ తర్వాత పేజీలో సామాను జాబితా, రేట్లు. ఇంట్లోవాళ్లు దీన్ని ‘మళ్లీ తిరగబెట్టింది’ అన్నారు. నేను అలా అనుకోవడం లేదు. అటాక్ వచ్చినా సీట్లోనే కూర్చుని, దిగి, బేరమాడి, సామాను తెచ్చుకున్న ఆ ప్రయాణమే ఈ చికిత్సలో అన్నిటికన్నా గట్టి రుజువు.

ఇప్పుడు

ఆరు నెలల తర్వాత జీఏడీ-7 స్కోరు 6. అల్ప్రాజోలం పూర్తిగా ఆగిపోయింది. హిమోగ్లోబిన్ 11 దాటింది. నిద్ర ఆరు గంటలు. ఎస్సిటాలోప్రామ్ కొనసాగుతోంది. బాగయ్యాక కూడా సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడి, తర్వాత నెమ్మదిగా తగ్గిస్తారు. ‘బాగున్నా కదా, ఆపేస్తా’ అని ఆమె ఇప్పటికే అడిగారు, వద్దని సైకియాట్రిస్టు చెప్పారు.

మిగిలినవి ఉన్నాయి. పెళ్లికూతురి బ్లౌజు కటింగ్ ఇంకా ఎవరికీ ఇవ్వరు. అది భయమా, పనితనమా అని ఇద్దరం మాట్లాడుకున్నాం, కొంత రెండూ అన్నారు, నాకూ అలాగే అనిపిస్తోంది. దాన్ని ఇప్పట్లో కదిలించే ఉద్దేశం లేదు. ప్రైవేటు అప్పులో కొంత ఇంకా ఉంది. ఇస్త్రీపెట్టె కోసం షట్టర్ ఎత్తడం ఆగింది, ఇంటికి వెళ్లాక ఆ ఆలోచన మాత్రం అప్పుడప్పుడూ వస్తుందట.

పంచాంగం చూసి వచ్చే మూఢం ఎప్పుడో ఆమే గుర్తు పెట్టుకొచ్చారు. ఆ వారాలకు సరిపడా కిస్తు డబ్బు ఈ సీజన్‌లోనే వేరే ఖాతాలో వేస్తున్నారు. అది మొదలయ్యే వారం ఒక సెషన్, మధ్యలో ఒకటి ఖాయం చేసుకున్నాం. మందు తగ్గించే సంగతి అది దాటి, శ్రావణం సీజన్ కూడా ఒకటి గడిచాక సైకియాట్రిస్టుతో కలిసి చూస్తాం.